వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. పరీక్ష పాసైనవాళ్ళు, సుఖంగా కాన్పు అయినవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు. ఒకసారి చెప్పినదాన్ని మళ్ళీ లేచి వెనక్కి తీసుకున్నవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నేను తీసుకున్నాను. మందుల కోర్సు అయిపోయింది, బరువు తిరిగి వచ్చింది, ఇప్పుడు కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను. రాస్తే సిగ్గు తగ్గిపోతుందని కాదు. నాలాగే నలుగురిలో ఒక మాట అనేసి, ఆ మాట కోసం మాత్రలు మానేసి కూర్చున్నవాడు ఇంకెక్కడైనా ఉంటాడేమో, వాడి కోసం రాస్తున్నాను.

నా పేరు సుందర్రావు. గోపాలపట్నంలో ఉంటాం. పోర్టులో క్రేను నడుపుతాను. మా చర్చి చిన్నది, రేకుల కప్పు, రెండు వరసల బెంచీలు. పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారాల్లో వాక్యం నేనే చెప్పేవాణ్ణి. బాగా చెబుతానని పేరుండేది. ఆ పేరు మీద నాకెంత మోజో అప్పట్లో ఎవరైనా చెప్పినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

శ్రమల దినాలు

ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజుల్లోనే దగ్గు మొదలైంది. ధూళిలో పనిచేసేవాళ్ళం, మాలో దగ్గనివాడెవడు అని నేను పట్టించుకోలేదు. నా భార్య సరోజ రెండుమూడుసార్లు అడిగింది. విసుక్కున్నాను.

మంచి శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటలను మేము ఏడుగురం పంచుకుని చెబుతాం. నాకు దాహం గురించిన మాట వచ్చింది. మొదలుపెట్టి ఐదు నిమిషాలైనా కాలేదు, దగ్గు తెర ముంచుకొచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రటి మరకలు. దాన్ని మడిచి జేబులో కుక్కుకుని, నీళ్ళు తాగి, ప్రసంగం ముగించాను. వెనక బెంచీలో ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా వంగిపోయి ఉంది. నా మాటలకు ఏడుస్తోందనుకుని లోపల్లోపల పొంగిపోయాను. జేబులో రక్తం పెట్టుకుని నేను చూసుకున్నది ప్రసంగం ఎలా పండిందని.

రుమాలు ఉతకడానికి తీసినప్పుడు సరోజ చూసింది. మర్నాడు చీర మార్చుకుని, చెప్పులేసుకుని వచ్చి నా ముందు నిలబడింది. ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. తెమడ పరీక్ష చేశారు. టీబీ అన్నారు.

టీబీ సెంటర్లో మందులిచ్చే అమ్మాయి పేరు లలిత. చాలా ఓపికగా చెప్పింది. "ఆరు నెలలండి. రోజూ వెయ్యాలి. రెండు నెలలకే దగ్గు పోద్ది, ఆకలేస్తది, తగ్గిపోయిందనిపిస్తది. అప్పుడే అందరూ మానీస్తారు. మీరు మాత్రం మానీకండి." నేను తల ఊపాను. మనసంతా ఆ బెంచీల మీద తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనన్న దాని మీదే ఉంది. ఆ తర్వాత నేను సెంటరుకు వెళ్ళలేదు, మందులు సరోజే తెచ్చేది. చర్చిలో మాత్రం నెమ్ము చేసిందని చెప్పించాను.

వేసవి

పొద్దున్నే మాత్రలు మింగితే మధ్యాహ్నం దాకా వికారం. మూత్రం నారింజ రంగులో వచ్చేది. ఇంట్లో నా కంచం, నా గ్లాసు వేరయ్యాయి. మా అమ్మాయి కీర్తన ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చింది, పుస్తకాలు పక్కింట్లో పెట్టుకుని చదువుకునేది. నాన్నకు దూరంగా ఉండమని ఎవరూ దానితో చెప్పలేదు, అదే అర్థం చేసుకుంది. తనకూ వాళ్ళమ్మకూ పరీక్షలు చేస్తే ఏమీ లేదన్నారు.

జబ్బు సంగతి తెలిశాక కూడా, పోర్టులో నాతో పనిచేసే అప్పలనాయుడొక్కడే ఏమీ మారలేదు. మతం వేరు, ఊరు వేరు, అయినా బావా బావా అని పిలుస్తాడు. నేను క్యారేజీ పట్టుకుని దూరంగా పోయి కూర్చుంటే వచ్చి గాలి తగిలే వైపు నన్ను కూర్చోబెట్టి, "ఏటి బావా, నాను సేపల కూర తెచ్చేనని పారిపోతన్నావా?" అన్నాడు. ఆ రోజు అన్నం సహించింది.

రెండు నెలలకు లలిత చెప్పినట్టే దగ్గు పోయింది. ముఖంలో కళ వచ్చింది. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. నెమ్ము తగ్గిందని రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనే లేచాను. కానీ మైకు చేతికి వచ్చాక నా సంగతి మీకు తెలీదు. నెమ్ము కాదు, క్షయ అని చెప్పేశాను. జబ్బు పెద్దదైతే సాక్ష్యమూ పెద్దదవుతుంది కదా. డాక్టర్లు ఆరు నెలలన్నారు, దేవుడు రెండు నెలల్లో ముగించాడు అన్నాను. అది ముందుగా అనుకున్న మాట కాదు, ఊపులో వచ్చేసింది. చర్చి అంతా హల్లెలూయా అంది.

ఆరాధన అయ్యాక నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. ఫిషింగ్ హార్బరుకు తెల్లారకముందే పోయి వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని మా వీధుల్లో అమ్ముతుంది. భర్త లేడు. చదువు రాదు, వెనక బెంచీలో కూర్చుని చెప్పిందంతా చెవులొగ్గి వింటుంది.

"అయితే బిళ్ళలు ఇంక అక్కర్లేదా అండి?" అంది.

"అక్కర్లేదమ్మా" అన్నాను. నా గురించే అడుగుతోందనుకున్నాను.

సోమవారం పొద్దున్న మాత్రలు చేతిలోకి తీసుకుని నిలబడిపోయాను. ఇవి మింగితే నిన్న చెప్పింది అబద్ధమవుతుంది. మింగకపోతే నిజమవుతుంది. ఇంత తెలివితక్కువ లెక్క వేసినవాడు యాభై ఏళ్ళవాడంటే నాకే నమ్మబుద్ధి కాదు. వాటిని కవర్లో పెట్టి బీరువాలో తోసేశాను. సరోజతో, సెంటరుకు వెళ్ళి కనుక్కున్నాను, ఇంక చాలన్నారు అని చెప్పాను. లలిత ఫోన్ చేస్తే, మకాం అనకాపల్లి మారింది, మందులు అక్కడే తీసుకుంటున్నాను అన్నాను. ఈ రెండు అబద్ధాలూ ఆడిన రోజు సాయంత్రమే ఒక ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుని నమ్మకత్వం గురించి మాట్లాడాను.

పంటల పండుగ

నేను బైబిలు ఎలా చదివేవాణ్ణో ఇక్కడ చెప్పాలి. పెన్సిలు పట్టుకుని చదివేవాణ్ణి. ఒక వచనం చూడగానే, ఇది ఫలానావాళ్ళకు బాగా తగులుతుంది అనిపించేది. అంచున ఆ పేరు రాసుకునేవాణ్ణి. తాగుడు దగ్గర ఒక పేరు, చాడీల దగ్గర ఇంకో పేరు. మా చర్చిలో సగం మంది పేర్లు నా బైబిల్లో ఉండేవి. ఏ కుటుంబానికి ఏ వాక్యం చెప్పాలో నా వేళ్ళ మీద ఉందని పాస్టరుగారు మెచ్చుకునేవారు.

పంటల పండుగ రోజుల్లో, గుమ్మడికాయలు, అరటి గెలలు చర్చికి తెచ్చి వేలం వేసుకునే ఆ వారాల్లోనే, దగ్గు తిరిగొచ్చింది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. దగ్గు బిళ్ళలు చప్పరిస్తూ తిరిగాను. దగ్గొస్తే పెరట్లోకి పోయేవాణ్ణి. అప్పుడే ఒక ఇంట కూడికలో కుష్ఠు పట్టిన సేనాధిపతి కథ చెప్పాను. ప్రవక్త గుమ్మం దాటి బయటికైనా రాకుండా, నదిలో ఏడుసార్లు మునిగి రమ్మని కబురంపుతాడు. ఇంతోటి దానికి నన్నింత దూరం రప్పించాడా అని ఆయనకు కోపం వస్తుంది. పనివాళ్ళు నచ్చజెబితే పోయి మునుగుతాడు, ఏడో మునకకు బాగవుతాడు. ఆరో మునకకు కూడా ఏమీ మారి ఉండదు, అక్కడే గట్టెక్కేస్తే ఏమయ్యేది అని గొంతు పెంచి అడిగాను. నా మాత్రలు బీరువాలో ఉన్నాయి. ఆ కథ పక్కన అంచున నేను రాసుకున్న పేరు మా వీధి చివరి అప్పారావుది. అతనికి దేంట్లోనూ ఓపిక ఉండదని.

క్రిస్మస్ ముందు

ఒక పొద్దున క్రేను మెట్లు ఎక్కుతూ సగంలో కూలబడ్డాను. అప్పలనాయుడు పైకొచ్చి, నడుం పట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు. కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "బావా, రేపు నువ్వు ఆస్పత్రికి ఎల్లకపోతే నాను మీ ఇంటికొచ్చి చెల్లికి చెప్పీస్తాను" అన్నాడు. బెదిరింపు కాదని తెలుసు.

మర్నాడు మాస్కు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా టీబీ సెంటరుకు వెళ్ళాను. గోడవార బెంచీ మీద ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి, జబ్బల ఎముకలు జాకెట్టును పొడుస్తున్నాయి. ఆమే నన్ను గుర్తుపట్టి లేచింది, అప్పుడు తెలిసింది నూకరత్నమని. కొన్ని వారాలుగా చర్చికి రావట్లేదు. రోజులు బాగాలేక వ్యాపారం కోసం తిరుగుతోందేమో అనుకున్నానే గాని ఒక్కసారి ఇంటికి పోయి పలకరించలేదు.

"మాలాంటోళ్ళ కోసం పార్దన సెయ్యడానికొచ్చేరా అండి?" అంది.

నాకు బాగైపోయింది కదా. బాగైపోయినవాడు టీబీ సెంటరుకు ఇంకెందుకు వస్తాడు? అదీ ఆమె లెక్క. కాదని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నేను చెప్పలేదు. అవునన్నట్టు తలాడించాను.

"నాకూ ఇదే జబ్బండి. ఎండాకాలంలో బిళ్ళలు ఇచ్చేరు. మీ సాచ్చికం ఇన్నాక మానీసేను. మీకు తగ్గినట్టే తగ్గుద్దనుకున్నాను. తగ్గలేదు. ఇప్పుడు మళ్ళీ ఎయ్యమంటన్నారు. ఏటి సెయ్యమంటారు?"

మందులు కూడా దేవుడిచ్చినవేనమ్మా, వేసుకో అన్నాను.

"మరి మీరు మానీసేరు కదండి?"

అప్పుడు నా నోట వచ్చిన మాట చచ్చేదాకా మర్చిపోలేను. "దేవుడు ఒక్కొక్కరికి ఒక్కోలా చేస్తాడమ్మా, ఎవరి విశ్వాసాన్ని బట్టి వాళ్ళకి" అన్నాను.

ఆమె తల దించుకుంది. "అవునండి. నా ఇస్వాసం సాల్లేదు" అంది.

ప్రార్థన చెయ్యమని తల వంచింది. చేశాను. నెత్తిన చెయ్యి పెట్టి, మాస్కు వెనక దగ్గు గొంతులోనే నొక్కుకుంటూ, ఆమె అవిశ్వాసాన్ని క్షమించమని దేవుణ్ణి అడిగాను. లోపలి నుంచి లలిత ఆమె పేరు పిలిచింది. ఆమె అటు వెళ్ళగానే నేను పరీక్ష చేయించుకోకుండా బయటికి వచ్చేశాను. ఇంటి దాకా బస్సు కూడా ఎక్కలేదు, నడిచాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. సరోజ బైబిల్లో అక్షరాలు చిన్నవి, తన కళ్ళకు ఆనడం లేదని నాది తీసుకుంది. చదవడానికి తెరిచి ఆగిపోయింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. అంచుల్లో పేర్లు ఒక్కొక్కటిగా పైకి చదివింది. అందులో తన పేరూ ఉంది, సణుగుడు దగ్గర.

"ఇందులో అందరూ ఉన్నారండి" అంది. "మీరెక్కడున్నారు?"

కోపంగా అనలేదు. నిజంగా వెతుకుతూ అడిగింది. నేను జవాబు చెప్పబోతే దగ్గొచ్చింది. ఆపుకోలేకపోయాను. పెరట్లోకి పరిగెత్తే ఓపిక కూడా లేదు. అక్కడే చాప మీద దగ్గి దగ్గి, తర్వాత ఉన్నదంతా చెప్పాను. బీరువాలో మాత్రలు, లలితకు చెప్పిన అబద్ధం, తనకు చెప్పిన అబద్ధం, పొద్దున నూకరత్నం నెత్తి మీద పెట్టిన చెయ్యి. కీర్తన పుస్తకం మూసేసి నా వైపు చూస్తూ కూర్చుంది. నా కూతురి ముందు నాకంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

సరోజ ముందు కీర్తన నుదురు తాకి చూసింది. తర్వాత, "తగ్గిపోయిందన్నారని ఈ పిల్ల మళ్ళీ మీ పక్కన కూకుని సదూకుంటంది" అంది. లేచి దాని పక్కబట్టలు ముందు గదిలోకి మార్చింది. గుమ్మం దగ్గర ఆగి, "రేపు సెంటరుకి మీతో నానొస్తాను. ఆదివారం లెగిసి చెప్పడానికి మాత్రం మీరొక్కరే లెగాలి" అంది. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ముగ్గురికీ మళ్ళీ పరీక్షలు చేశారు. ఫలితాల కోసం ఆ బెంచీ మీద కూర్చున్న గంటలు నా జబ్బంతటికంటే పెద్దవి. నాకేమైనా ఫర్వాలేదు, కీర్తనకు రాకుండా ఉంటే చాలని, ఒక్క వచనం కూడా గుర్తురాక, ఉత్త మాటలతో ప్రార్థించాను. లలితకు నా అనకాపల్లి కథ గుర్తుంది. ఆ సంగతి ఎత్తలేదు. సరోజకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "పాపకేం లేదండి, మీకూ లేదు" అని ముందుగా చెప్పేసింది. నాకు పాత మందులే పనిచేస్తాయట, మొదటి రోజు నుంచి మళ్ళీ ఆరు నెలలు. నూకరత్నం గురించి అడిగాను. మామూలు మందులకు ఆమె జబ్బు లొంగడం లేదని, పెద్ద మందులు చాలా కాలం వాడాలని చెప్పింది. మధ్యలో మానేసినవాళ్ళలో కొందరికి అలా అవుతుందట.

ఆదివారం మాస్కుతోనే వెళ్ళి, గుమ్మం బయట నిలబడి, సాక్ష్యాల సమయంలో చెయ్యెత్తాను. మైకు తీసుకోలేదు. నూకరత్నం కూడా ఆ రోజు వచ్చి బయట వేపచెట్టు దగ్గర స్టూలు మీద కూర్చుంది. రెండు నెలల్లో తగ్గిందని నేను చెప్పింది నిజం కాదు, నాకు తగ్గలేదు, మాట నిలబెట్టుకోవడానికి మందులు మానేశాను, నా మాట విని ఇంకొకరు కూడా మానేశారు, మొన్న ఆమెకు విశ్వాసం చాలలేదన్నట్టు మాట్లాడాను, తప్పు నాది అన్నాను. ఎప్పుడూ తడుముకోనివాణ్ణి, ఆ నాలుగు మాటలకు నాలుగుసార్లు ఆగాను. ఎవరూ హల్లెలూయా అనలేదు. ముందు బెంచీలో పెద్దాయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. నూకరత్నం లేచి, చెప్పులేసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ప్రసంగాలు కొన్నాళ్ళు వద్దులెండి అన్నారు పాస్టరుగారు. సరే అన్నాను.

తర్వాతి నెలలు

రెండో వారం నూకరత్నం సెంటర్లో కలిసింది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టే చోటు వదిలి కూర్చుంది. తనే మొదలుపెట్టింది.

"ఆ మంచి శుక్రారం మీరు దగ్గుతుంటే నానూ దగ్గేనండి, కొంగడ్డవెట్టుకుని. ఈయనకీ నాకూ ఒకటే జబ్బని ఆ రోజే అనుకున్నాను. అందుకే మీకు తగ్గిందంటే నమ్మీసేను."

ఏడుస్తోందని నేను పొంగిపోయిన మనిషి ఆమే. నేను క్షమించమన్నాను.

"ఏడు మునకలని మాకు చెప్పేరు. మీరు రెండు మునకలకే గట్టెక్కీసేరు. నన్నూ లాగీసేరు" అంది. "నాకు శానా కోపంగా ఉందండి. పార్దనలో కూడా పోట్లేదు."

ఉండనీ అమ్మా అన్నాను. కాసేపటికి ఆమె, "రేపు పొద్దున బిళ్ళలేసుకున్నాక ఫోన్ చెయ్యండి. మీరు ఏసుకున్నారని తెలిస్తే నానూ ఏసుకుంటాను. మీ మాట కాదు, మింగిన చప్పుడు వినిపించాల" అంది.

అలా మొదలైంది. పొద్దున్న ఏడింటికి ఫోన్ చేస్తాను. "మునిగేరా?" అని అడుగుతుంది. ఫోన్ దగ్గర పెట్టుకుని నీళ్ళు గటగటా తాగుతాను. "నానూ మునిగేను" అంటుంది. మొదట్లో అంతే, పెట్టేసేది. తర్వాత్తర్వాత రాత్రి ప్రార్థనలో మా కీర్తన మాకు చదివి వినిపించిన అధ్యాయంలో ఏముందో చెప్పమనేది. నేను చెబితే ప్రశ్నలు వేసేది. ఎవరికి తగులుతుందని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిసారీ, అయితే నాను ఏటి సెయ్యాలండి అనే అడిగేది. వాక్యాన్ని అలా వినవచ్చని ఇన్నేళ్ళ ప్రసంగీకుణ్ణి, నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం రబ్బరు తీసుకుని కూర్చుని బైబిలు అంచుల్లో పేర్లన్నీ చెరిపేశాను. సరోజ పక్కనే కూర్చుని తన పేరు ముందు చెరపమంది.

నా ఆరు నెలలూ పూర్తయ్యాయి. ఆఖరి పరీక్షలో ఏమీ లేదని రాసిచ్చారు. నూకరత్నానికి ఇంకా నెలలు మిగిలి ఉన్నాయి. గంప ఎత్తలేదు, ఆయాసం. అప్పలనాయుడు, నేను మార్కెట్లో ఒక బల్ల వేయించాం, అక్కడే కూర్చుని ఎండుచేపలు అమ్ముతోంది. నా మందులు అయిపోయినా ఏడింటికి ఫోన్ ఆపలేదు. ఆమె మింగిన చప్పుడు వినిపించాకే పనికి బయల్దేరతాను.

మొన్న పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. ఈసారి నిజంగానే తగ్గింది కదా అన్నారు. పొద్దున్న ఫోన్లో ఆ మాట నూకరత్నానికి చెప్పాను.

అవతల నీళ్ళు తాగుతోందని తెలుస్తోంది.

"వొద్దండి" అంది. "నావి అయిపోనీండి. సాచ్చికం నాను చెప్తాను. మీరు కూకుని ఇనండి."